అమెరికా చెకింగ్ ఖాతాలో ఓవర్‌డ్రాఫ్ట్: హైదరాబాదు నుంచి వెళ్ళేవారు ముందే తెలుసుకోవలసిన సంగతులు

హైదరాబాదులో కిరాణా కొట్టు ముందు నిలబడి ఫోనుతో డబ్బు పంపబోయినప్పుడు ఖాతాలో సరిపడా లేకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. చెల్లింపు జరగలేదని తెర మీద కనిపిస్తుంది, మనం కాస్త సిగ్గుపడి జేబులోంచి నోటు తీసి ఇస్తాం, అంతటితో ఆ కథ ముగుస్తుంది. ఏటీఎం దగ్గరా, బట్టల షాపులో కార్డు గీకినప్పుడూ ఇదే జరుగుతుంది. ఖాతాలో లేని డబ్బు బయటికి రాదన్నది మనకు ఎండావానల్లాగా సహజమైన విషయంగా అలవాటైపోయింది. ఈ అలవాటుతోనే విమానమెక్కే పిల్లలు అమెరికాలో మొదటి సెమిస్టరులోనే దెబ్బ తింటారు. అక్కడి చెకింగ్ ఖాతాలో, అంటే రోజువారీ ఖర్చుల ఖాతాలో, డబ్బు లేకపోయినా కార్డు పనిచేయవచ్చు. తక్కువ పడిన మొత్తాన్ని బ్యాంకు తాను వేసుకుని, ఆ ఉపకారానికి ముప్పై డాలర్లకు పైగా కూడా వసూలు చేయవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఇదే. ఖాతాలో లేనప్పుడు కార్డుకు ఇవ్వమంటారా అని బ్యాంకు అడిగినప్పుడు వద్దని మనమే స్పష్టంగా చెప్పాలి. ఎప్పుడు చెప్పాలో, చెప్పినా ఆగనివి ఏవో, ఇంత జాగ్రత్తపడ్డాక కూడా ఖాతా మైనస్‌లోకి పోతే ఏం చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఉద్యోగ జీవితమంతా హైదరాబాదులో ఒక బ్యాంకు శాఖలో గడిపిన నాకు కూడా ఈ తేడా మా మేనల్లుడు టెక్సాస్‌లో ఎం.ఎస్.కు చేరిన ఏడు గాని తెలిసిరాలేదు. పదేళ్ళ కిందటి మాట అది. ఒక శనివారం నాడు అతని ఖాతాలో 19 డాలర్లు ఉన్నాయి. ఆ సంగతి చూసుకోకుండా పొద్దున 4 డాలర్ల టీ తాగాడు, మధ్యాహ్నం 23 డాలర్ల సరుకులు కొన్నాడు, సాయంత్రం 18 డాలర్లిచ్చి క్షవరం చేయించుకున్నాడు. మూడు చోట్లా కార్డు పనిచేసింది కనుక డబ్బు ఉందనే అనుకున్నాడు. నిజానికి లోటు 26 డాలర్లే. బ్యాంకు మాత్రం ఆ మూడింటినీ పెద్దది ముందు, చిన్నది వెనక వచ్చేలా ఖాతాలో రాసుకుంది. మొదటి 23 డాలర్లకే నిలవ సున్నా కిందికి పోయింది, తక్కిన రెండూ ఆ కిందనే పడ్డాయి, మూడింటికీ తలా 35 డాలర్ల రుసుము పడింది. కొన్న వరసలోనే రాసి ఉంటే టీ గట్టెక్కి, రెండు రుసుములతో పోయేది. 26 డాలర్ల లోటుకు 105 డాలర్ల దండుగ కట్టి, ఈ సంగతి వాళ్ళమ్మకు చెప్పవద్దంటూ నాకు ఫోను చేశాడు.

అక్కడి ఓవర్‌డ్రాఫ్ట్ మన ఓడీ కాదు

ముందుగా ఖాతా పేరు దగ్గరే ఒక పొరపాటు జరుగుతుంది. చెకింగ్ ఖాతా అంటే మన కరెంట్ ఎకౌంట్ అనుకునేవారు చాలామంది ఉన్నారు. మన కరెంట్ ఎకౌంట్ వ్యాపారులది. అక్కడి చెకింగ్ ఖాతా విద్యార్థి మొదలు విశ్రాంత ఉద్యోగి దాకా అందరికీ ఉండేది. మన సేవింగ్స్ ఖాతా చేసే రోజువారీ పనులన్నీ, అంటే జీతం జమ కావడం, అద్దె కట్టడం, డెబిట్ కార్డుతో కొనడం, అక్కడ దాని మీదే నడుస్తాయి. దాచుకునే డబ్బుకు విడిగా సేవింగ్స్ ఖాతా ఉంటుంది.

ఇక ఓవర్‌డ్రాఫ్ట్ సంగతి. మన దగ్గర ఓడీ అనేది అడిగి తీసుకునే అప్పు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఉన్న మీ శాఖకు వెళ్ళి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓడీ కావాలంటే, సాధారణంగా డిపాజిట్‌లో 90 శాతం వరకు పరిమితి ఇస్తారు, డిపాజిట్‌కు వచ్చే వడ్డీ కంటే ఒకటో రెండో శాతం ఎక్కువ వడ్డీ వేస్తారు, అదీ వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకు మాత్రమే. 50,000 రూపాయలు 9 శాతం వడ్డీ మీద పది రోజులు వాడుకుంటే పడేది దాదాపు 123 రూపాయలు. పరిమితి ఎంతో కాగితం మీద ఉంటుంది, దాని కింద మన సంతకం ఉంటుంది.

అమెరికాలో మామూలు చెకింగ్ ఖాతాకు ఉండే ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజీకి ఈ లక్షణాలేవీ లేవు. పరిమితిని మంజూరు చేసే పత్రం ఉండదు, వడ్డీ లెక్క ఉండదు, ఇస్తామన్న హామీ కూడా ఉండదు. చెల్లించడమా మానడమా అన్నది తమ ఇష్టమేనని బ్యాంకు ఖాతా ఒప్పందంలో రాసుకుంటుంది కనుక, నిన్న చెల్లించిన చెక్కు లాంటిదే ఇవాళ వెనక్కి పంపవచ్చు. చెల్లించినప్పుడు మాత్రం లోటు ఎంతన్నది చూడకుండా ఒక్కో లావాదేవీకి ఇంత అని రుసుము వేస్తుంది. 6 డాలర్ల కాఫీకీ 600 డాలర్ల చెక్కుకూ రుసుము ఒకటే. లెక్క సులువు కోసం డాలరు 90 రూపాయలనుకుంటే, 540 రూపాయల కాఫీ మీద 3,150 రూపాయల రుసుము పడుతుందన్నమాట. నాకు తెలిసిన వడ్డీ వ్యాపారులెవరూ ఇంత దూరం వెళ్ళలేదు.

అయితే అన్ని బ్యాంకులూ ఒక్కలాగా లేవు. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు 2022లో ఈ రుసుమును పూర్తిగా ఎత్తివేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడు 35 డాలర్ల నుంచి 10 డాలర్లకు తగ్గించింది. చేజ్ 34 డాలర్లు వేస్తున్నా, రోజు ముగిసేసరికి లోటు 50 డాలర్లు దాటకపోతే వదిలిపెట్టే పద్ధతి పెట్టుకుంది. పెద్ద బ్యాంకులు ఈ రుసుమును 5 డాలర్లకు తగ్గించుకోవాలని, లేదంటే దాన్ని అప్పుగానే లెక్కచూపాలని అమెరికా ప్రభుత్వపు వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ (సీఎఫ్‌పీబీ) 2024 డిసెంబరులో ఒక నిబంధన తెచ్చింది గాని, అది అమలులోకి రాకముందే అమెరికా కాంగ్రెసు రద్దు చేయగా, 2025 మే నెలలో అధ్యక్షుడు ఆ రద్దు మీద సంతకం చేశారు. కాబట్టి ఎక్కడ ఖాతా తెరిచినా ఆ బ్యాంకు ఇచ్చే రుసుముల పట్టికను ఆ రోజున చదవడం తప్పనిసరి. సీనియర్లు రెండేళ్ళ కిందట చెప్పిన అంకె ఇప్పుడు చెల్లకపోవచ్చు.

ఖాతా తెరిచే రోజు ఎదురయ్యే గడి

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. ఏటీఎంలో తీసిన డబ్బుకూ, డెబిట్ కార్డుతో అప్పటికప్పుడు చేసిన కొనుగోలుకూ ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేయాలంటే ఖాతాదారు ముందుగా, స్పష్టంగా ఒప్పుకొని ఉండాలి. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు 2009 నవంబరులో ప్రకటించిన ఈ నియమం 2010 జులై 1 నుంచి అమలులో ఉంది. దీని ప్రకారం బ్యాంకు ఒక విడి పత్రం మీ ముందు పెట్టాలి, రుసుము ఎంతో అందులో రాయాలి, మీరు అవునన్న గడిలో గుర్తు పెడితేనే అవుననుకోవాలి. మీరు ఏమీ చెప్పకపోతే వద్దన్నట్టే లెక్క. వద్దన్నారని ఖాతా తెరవనంటానికి గాని, ఇతరులకిచ్చే సదుపాయాలు మీకు తగ్గించడానికి గాని వీల్లేదు.

చిక్కంతా ఆ ప్రశ్న అడిగే తీరులో ఉంది. రుసుము కడతారా అని కౌంటరులో ఎవరూ అడగరు. అవసరంలో కార్డు పనిచేయకపోతే ఇబ్బంది కదా, కవరేజీ పెట్టమంటారా అని అడుగుతారు. కొత్త దేశంలో, కొత్త ఉచ్చారణ సగమే అర్థమవుతున్నప్పుడు, ఇబ్బంది వద్దనుకున్న పిల్లవాడు తల ఊపుతాడు. మా మేనల్లుడూ అలాగే ఊపాడు. అక్కడ చెప్పవలసిన మాట ఒక్కటే: ఏటీఎం, డెబిట్ కార్డు లావాదేవీలకు ఓవర్‌డ్రాఫ్ట్ కవరేజీ నాకు వద్దు. ఆ తరవాత ఖాతాలో డబ్బు లేకపోతే కార్డు ఆగిపోతుంది, అచ్చం ఇక్కడిలాగే. ఆగినందుకు రుసుమేమీ ఉండదు. ఇంతకుముందే అవునని ఉంటే ఇప్పుడైనా యాప్‌లోనో ఫోనులోనో ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు, అందుకు గడువు లేదు. ఖాతా ఇద్దరి పేరున ఉంటే ఒకరి సమ్మతి ఇద్దరి సమ్మతిగానూ, ఒకరి ఉపసంహరణ ఇద్దరి ఉపసంహరణగానూ చెల్లుతుంది. కొత్తగా కాపురానికి వెళ్ళిన జంటలు ఉమ్మడి ఖాతా తెరిచేటప్పుడు ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం మంచిది.

అర్ధరాత్రి దారిలో పెట్రోలు అయిపోతే కార్డు ఆగడం ప్రమాదం కదా అని అడిగేవారుంటారు. ఆ భయం న్యాయమైనదే గాని, దానికి విరుగుడు ఓవర్‌డ్రాఫ్ట్ కాదు. చిన్న పరిమితి ఉన్న స్టూడెంట్ క్రెడిట్ కార్డును అలాంటి అవసరానికే విడిగా ఉంచుకుని, బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తే పైసా వడ్డీ ఉండదు.

వద్దన్నా ఆగనివి

పైన చెప్పిన సమ్మతి నియమం చెక్కులకు వర్తించదు. అద్దె పోర్టల్ ద్వారా ఖాతా నుంచి నేరుగా లాగే చెల్లింపులకు, అంటే అక్కడివారు ఏసీహెచ్ అనే వాటికి, వర్తించదు. ఫోను బిల్లు, జిమ్ చందా, సినిమాల యాప్ చందా వంటి వాటికి కార్డు నంబరు ఇచ్చి నెలనెలా కోసుకోమంటాం కదా, ఆ చెల్లింపులకూ వర్తించదు. ఇవి వచ్చినప్పుడు ఖాతాలో డబ్బు లేకపోతే, మీరు ఏ గడిలో గుర్తు పెట్టినా పెట్టకపోయినా, బ్యాంకు తన ఇష్టం మేరకు రెండు పనుల్లో ఒకటి చేస్తుంది. చెల్లించి ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వేస్తుంది, లేదా డబ్బు చాలలేదని వెనక్కి పంపుతుంది. వెనక్కి పంపినందుకు కూడా విడి రుసుము వేసే బ్యాంకులు ఉన్నాయి. పెద్ద బ్యాంకుల్లో చాలావరకు దాన్ని మానుకున్నాయి.

కాని అద్దె చెక్కు వెనక్కి పోతే బ్యాంకు రుసుముతో వ్యవహారం తెగదు. ఇంటి యజమాని చెక్కు బౌన్సు అయినందుకు ఒకటి, అద్దె ఆలస్యమైనందుకు ఒకటి అని లీజు ప్రకారం రెండు చార్జీలు వేయవచ్చు, పైగా తరవాతి ఇంటికి కావలసిన మంచి మాట పోతుంది. అందువల్ల అద్దె విషయంలో మాత్రం బ్యాంకు చెల్లించి రుసుము వేయడమే కొన్నిసార్లు తక్కువ నష్టం. కార్డు కొనుగోళ్ళకు వద్దనడం, అద్దెకు ఏం జరగాలో ఆలోచించి నిర్ణయించుకోవడం అనే ఈ రెండింటినీ కలిపి చూడకూడదు. కొన్ని బ్యాంకులు చెక్కులతో సహా దేన్నీ లోటులో చెల్లించకుండా ఖాతా మొత్తానికి ఒక సెట్టింగు ఇస్తాయి. దాన్ని ఎంచుకునే ముందు మీ అద్దె ఏ తేదీన, ఏ దారిలో పోతుందో ఒకసారి చూసుకోండి.

పేరులో దగ్గరగా ఉండి మనుషులను తికమక పెట్టే మరో సదుపాయం ఓవర్‌డ్రాఫ్ట్ ప్రొటెక్షన్. కవరేజీలో బ్యాంకు తన డబ్బు వేస్తుంది. ప్రొటెక్షన్‌లో మీ డబ్బే మీ సేవింగ్స్ ఖాతా నుంచి చెకింగ్ ఖాతాలోకి వచ్చి లోటు పూడుస్తుంది. ఇలా బదిలీ చేసినందుకు ఒకప్పుడు పది, పన్నెండు డాలర్లు తీసుకునేవారు, ఇప్పుడు చాలా బ్యాంకులు ఏమీ తీసుకోవడం లేదు. ఉచితంగా దొరికితే ఇది తప్పకుండా పెట్టుకోదగినది. సేవింగ్స్ ఖాతాలో మాత్రం ఎంతో కొంత ఉండాలి, అదీ ఖాళీ అయితే కథ మొదటికొస్తుంది. సేవింగ్స్ బదులు క్రెడిట్ కార్డును జోడిస్తామంటే ఒప్పుకోవద్దు. అలా తీసిన డబ్బును నగదు అడ్వాన్సుగా లెక్కించి మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తారు, చాలా కార్డుల్లో దాని మీద విడి రుసుము కూడా ఉంటుంది. మన ఓడీకి దగ్గరగా ఉండే క్రెడిట్ లైను అనే మూడో రకం ఉంది గాని, క్రెడిట్ చరిత్ర లేని కొత్తవారికి దాన్ని సాధారణంగా ఇవ్వరు.

యాప్‌లో కనిపించే నిలవను ఎంతవరకు నమ్మాలి

అక్కడి యాప్‌లో తరచు రెండు నిలవలు కనిపిస్తాయి. ఒకటి ఖాతా పుస్తకంలో ఉన్న నిలవ, రెండోది ఇప్పుడు వాడుకోదగిన నిలవ. ఖర్చుకు చూసుకోవలసింది రెండోదే, కాని అదీ పూర్తిగా నిజం చెప్పదు.

పెట్రోలు బంకు ఉదాహరణ తీసుకుందాం. ఇక్కడ బంకులో మనిషి పోసి, మీటరు చూపించి, అంత డబ్బే తీసుకుంటాడు. అక్కడ పంపు దగ్గర కార్డు పెట్టగానే, ఎంత పోసుకుంటామో తెలియదు కనుక, నూరు డాలర్లకు పైగా కూడా ఖాతాలో పక్కన పెట్టివేయవచ్చు. మీరు పోసుకున్నది 30 డాలర్లకే అయినా, అసలు బిల్లు వచ్చేదాకా మిగతా డబ్బు మీకు అందదు. కొన్నిసార్లు గంటల్లో తేలుతుంది, కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది. హోటలు గది, అద్దె కారు విషయంలో ఇంకా పెద్ద మొత్తాలు పక్కన పడతాయి. ఈలోగా ఫోను బిల్లు వచ్చిందంటే, ఖాతాలో డబ్బు ఉండి కూడా లేనట్టే అవుతుంది.

దీనికి తిరగేసిన చిక్కు రెస్టారెంటులో ఎదురవుతుంది. కార్డు గీకినప్పుడు 40 డాలర్లకు అనుమతి వస్తుంది, మీరు రసీదు మీద 8 డాలర్ల టిప్పు రాసి సంతకం పెడతారు, రెండు రోజుల తరవాత ఖాతాలో 48 పడుతుంది. మన దగ్గర బిల్లు అంటే బిల్లే కనుక ఈ ఎనిమిది డాలర్లను ముందే తీసేసుకోవాలని మనకు తట్టదు. అలాగే చెక్కు రాసి ఇచ్చి, అవతలివాళ్ళు మూడు వారాల దాకా బ్యాంకులో వేయకపోతే, ఆ డబ్బు మీ యాప్‌లో మీదిగానే కనిపిస్తూ ఉంటుంది. రాసిన చెక్కులను, రాబోయే ఆటోపేలను చిన్న పుస్తకంలో రాసుకుని, యాప్‌లో కనిపించే నిలవ నుంచి తీసేసి చూసుకునే పాత అలవాటు ఇక్కడ ఏ యాప్ కంటే మేలు చేస్తుంది.

జమ వైపు ఇంకో మలుపు ఉంది. చెక్కు జమ చేస్తే మొత్తం డబ్బు వెంటనే వాడుకోవడానికి రాదు. చట్టం ప్రకారం మరుసటి పని దినానికి అందుబాటులో ఉంచవలసిన తొలి భాగం 2025 జులై 1 నుంచి 275 డాలర్లు, అంతకుముందు 225 ఉండేది. ఖాతా తెరిచిన మొదటి నెల రోజుల్లోనూ, పెద్ద చెక్కులకూ ఇంకా ఎక్కువ రోజులు ఆపుకునే వీలు బ్యాంకుకు ఉంది. డబ్బు అందుబాటులోకి వచ్చినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన అసలు మాట. పార్ట్ టైమ్ ఉద్యోగమని నమ్మబలికి, 2,000 డాలర్ల చెక్కు పంపి, అందులో 1,500 గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమనే మోసగాళ్ళు విద్యార్థులనే వెతుక్కుంటారు. నిలవలో 2,000 కనిపిస్తుంది, పిల్లవాడు కార్డులు కొంటాడు, వారం తరవాత అది దొంగ చెక్కని తేలి బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి లాగేస్తుంది. అప్పుడు ఖాతా మైనస్ 1,500 దగ్గర ఉంటుంది, ఆ లోటు కట్టవలసిన బాధ్యత ఖాతాదారుదే.

హైదరాబాదు నుంచి ఆదుకోవడం ఎందుకు కష్టం

లోటు పడిందని పిల్లలు ఫోను చేస్తే, అప్పటికప్పుడు డబ్బు పంపి సర్దుదామని తల్లిదండ్రులు అనుకుంటారు. ఇక్కడ నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచీ రాత్రీ పగలూ నడుస్తోంది, ఈఎంఐలు 2021 ఆగస్టు నుంచీ ఆదివారం కూడా కోతపడుతున్నాయి, కనుక డబ్బుకు సెలవులుంటాయన్న సంగతే మనం మరిచిపోయాం. అక్కడ ఏసీహెచ్ జమలు శని, ఆదివారాల్లోనూ ఫెడరల్ సెలవుల్లోనూ పరిష్కారం కావు. శుక్రవారం సెలవైతే ఆ రోజు పడవలసిన జీతం సోమవారానికి జారిపోవచ్చు. శనివారం కొన్నవి మాత్రం కొన్నట్టే ఉంటాయి.

మన బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు ఫారం నింపి పంపిన డబ్బు అక్కడి ఖాతాలో పడడానికి ఒకటి నుంచి మూడు పని దినాలు పట్టడం మామూలు. దానికి తోడు కాలభేదం ఒకటి. వేసవిలో న్యూయార్కు కంటే మనం తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటాం. అక్కడ సాయంత్రం నాలుగయ్యేసరికి ఇక్కడ రాత్రి ఒంటిగంటన్నరో రెండున్నరో అవుతుంది. ఇంకా సూక్ష్మమైన చిక్కు ఏమిటంటే, మధ్యలో ఉన్న బ్యాంకు తన చార్జీ కోసుకుంటే మీరు పంపిన 1,000 డాలర్లు 980గా చేరవచ్చు. అద్దె సరిగ్గా 1,000 డాలర్లయితే, తల్లిదండ్రులు సమయానికే పంపినా ఆ ఇరవై డాలర్ల దగ్గర ఓవర్‌డ్రాఫ్ట్ పడుతుంది. పంపేటప్పుడు చార్జీలన్నీ పంపేవారే భరించేలా ఎంచుకోవడం, అద్దె కంటే యాభై డాలర్లు ఎక్కువ పంపడం, అద్దె తేదీకి కనీసం వారం ముందు పంపడం అనే మూడూ పాటించండి. ఇక్కడ చేతిలో లేకపోతే డిపాజిట్‌ను మధ్యలో రద్దు చేయనక్కరలేదు. పైన చెప్పిన ఓడీ నుంచి పంపి, జీతం రాగానే కట్టేసినా పడే వడ్డీ అక్కడి ఒక్క రుసుముకంటే తక్కువే ఉండవచ్చు.

మొదటి వారంలో చేసుకోవలసిన ఏర్పాటు

ఖాతా ఎంచుకునేటప్పుడే సగం పని అయిపోయే దారి ఒకటుంది. ఓవర్‌డ్రాఫ్ట్ రుసుమే లేని ఖాతాలను అక్కడ బ్యాంక్ ఆన్ అనే ప్రమాణం కింద గుర్తిస్తారు. చేజ్ సెక్యూర్ బ్యాంకింగ్, బ్యాంక్ ఆఫ్ అమెరికా సేఫ్‌బ్యాలెన్స్, వెల్స్ ఫార్గో క్లియర్ యాక్సెస్ అటువంటివి. వీటిలో చాలావాటికి చెక్కుబుక్కు ఉండదు, అయిదు డాలర్ల వరకు నెలసరి రుసుము ఉండవచ్చు. విద్యార్థులకు, చిన్న వయసువారికి దాన్ని మాఫీ చేసే పద్ధతి ఉందేమో అడగండి. అద్దె చెక్కు రూపంలో కట్టవలసిన పని లేకపోతే, మొదటి ఏడాదికి నా సలహా ఈ రకం ఖాతానే.

మామూలు చెకింగ్ ఖాతానే తెరిస్తే, కార్డుకు కవరేజీ వద్దని చెప్పిన వెంటనే యాప్‌లో తక్కువ నిలవ హెచ్చరికను పెట్టుకోండి. దాన్ని 25 డాలర్ల దగ్గర పెడితే హెచ్చరిక వచ్చేసరికే ఆలస్యమవుతుంది, 150 దగ్గర పెట్టండి. ఖాతాలో ఎప్పుడూ నూరు డాలర్లు వదిలి, ఆ నూరునే సున్నాగా భావించడం రెండో పని. ఆటోపేలన్నీ జీతం పడిన రెండు మూడు రోజుల తరవాతి తేదీలకు మార్చమని ఆయా కంపెనీలను అడిగితే చాలావరకు ఒప్పుకుంటాయి. బ్యాంకు ఏ వరసలో లావాదేవీలు రాస్తుందో, ఎన్ని డాలర్ల లోటు వరకు రుసుము వదులుతుందో, రోజుకు ఎన్నింటికి మించి వేయదో, ఏ గంటలోపు డబ్బు వేస్తే ఆ రోజు లెక్కలోకి వస్తుందో ఖాతా తెరిచే రోజే అడిగి రాసుకోండి.

ఖాతా మైనస్‌లోకి పోయాక

సంగతి తెలిసిన క్షణమే కార్డును పక్కన పెట్టండి, ఆ రోజు గడువు గంటలోగా లోటు పూడేలా డబ్బు వేయండి. కొన్ని బ్యాంకులు మరుసటి రోజు ముగిసేదాకా కూడా వ్యవధి ఇస్తాయి. స్నేహితుడి దగ్గర నగదు తీసుకుని శాఖలోనో, నగదు తీసుకునే ఏటీఎంలోనో వేయడం అన్నిటికంటే వేగమైన దారి. అలా వదిలేస్తే, కొన్ని రోజులుగా ఖాతా మైనస్‌లోనే ఉందని ఇంకో రుసుము వేసే బ్యాంకులు ఉన్నాయి. అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

తరవాత బ్యాంకుకు ఫోను చేసి రుసుము మాఫీ చేయమని మర్యాదగా అడగండి. మనవారు అడగడానికి మొహమాటపడతారు, అక్కడ అది మామూలు విషయం. ఇదే మొదటిసారి అనీ, లోటు పూడ్చేశాననీ, కార్డు కవరేజీ తీసివేయమనీ ఒకే మాటలో చెప్పండి. మూడు రుసుములు పడితే మూడూ అడగండి, ఒకటి రెండు వెనక్కి ఇచ్చి సర్దవచ్చు. మా మేనల్లుడికి 70 డాలర్లు వెనక్కి వచ్చాయి. నెలవారీ స్టేట్‌మెంటులో ఆ నెలలో, ఆ ఏడాదిలో మొత్తం ఎంత ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము పడిందో బ్యాంకు విడిగా చూపాలి కనుక, అడిగే ముందు ఆ పట్టిక చూసుకోండి. సమ్మతి ఇవ్వకుండానే కార్డు కొనుగోలుకు రుసుము వేసి, అడిగినా తీయకపోతే వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

చేయకూడని పని ఒకటే: ఖాతాను అలా వదిలేసి వేరే బ్యాంకుకు పోవడం. లోటు దాదాపు రెండు నెలలు కొనసాగితే బ్యాంకు దాన్ని రాని బాకీగా రాసేసి, ఖాతా మూసి, వసూలు సంస్థకు అప్పగించవచ్చు. మామూలు ఓవర్‌డ్రాఫ్ట్ క్రెడిట్ స్కోరు మీద కనిపించదు గాని, వసూలు సంస్థ చేతికి వెళ్ళిన బాకీ కనిపించవచ్చు. అది చాలదన్నట్టు, ఖాతాదారుల పాత బాకీల వివరాలు బ్యాంకులకు అందించే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ దగ్గర అయిదేళ్ళ వరకు ఆ నమోదు ఉంటుంది, కొత్త ఖాతా తెరవబోయిన ప్రతి చోటా అడ్డుపడుతుంది. బాకీ కట్టేసినవారు కట్టినట్టు అక్కడ నమోదైందో లేదో చూసుకోవాలి. ఏడాదికొకసారి ఆ నివేదికను ఉచితంగా అడిగే హక్కు ఖాతాదారుకు ఉంది.

చదువు ముగించుకుని హైదరాబాదుకు తిరిగి వచ్చేవారిలో చాలామంది ఖాతాను పది, ఇరవై డాలర్లతో అలాగే వదిలి విమానం ఎక్కుతారు. మన దగ్గర కనీస నిలవ లేదన్న చార్జీ వేసి సేవింగ్స్ ఖాతాను మైనస్‌లోకి నెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2014లోనే ఆదేశించింది, 2015 ఏప్రిల్ నుంచి అది అమలులో ఉంది. అమెరికాలో అటువంటి రక్షణను నమ్ముకోవద్దు. విద్యార్థి హోదా పోగానే నెలసరి రుసుము మొదలై, దానితోనో మరిచిపోయిన చందాతోనో ఖాతా సున్నా దాటి కిందికి పోవచ్చు, ఆ ఉత్తరాలన్నీ మీరు ఖాళీ చేసిన పాత గదికి పోతాయి. ప్రయాణానికి నెల ముందు ఆటోపేలన్నీ ఆపించండి, రాసిన చెక్కులన్నీ చెల్లాయో లేదో చూడండి, చివరి జీతం, గది డిపాజిట్ జమ అయ్యేదాకా ఆగండి, ఆ తరవాత శాఖకు స్వయంగా వెళ్ళి ఖాతా మూయించి, నిలవ సున్నా అని రాసిన ముగింపు లేఖ తీసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.